మూడో రోజు క్రేన్

మంగళవారం రాత్రి

సమ్మర్ క్యాంపుకు ఇంక వారమే ఉంది. గాజువాక చర్చి హాలు ఇస్తామన్నారు. మొదటి రోజు పిల్లలతో బ్యాటరీకి మోటారు కలిపించాలి, రెండో రోజు నేల మీద గీసిన నల్ల గీత వెంట దానంతటదే నడిచే బండి చేయించాలి. మూడో రోజుకు ఏమీ తోచక, సాయంత్రం అట్టముక్కలతో చిన్న క్రేన్ కట్టి చూశాను. మోటారు తిరగ్గానే కొక్కెం ఊగిపోయి, ఎత్తిన అగ్గిపెట్టె కింద పడింది.

మా ఆయన గోడకు ఆనుకుని చూస్తున్నారు. క్రేన్ ఆపరేటర్ పని పోయి రెండు నెలలైంది. అప్పట్నుంచీ ఆయన పెద్దగా మాట్లాడటం లేదు, నాకు ఏడుపు రావడం లేదు.

"అలాక్కాదు. ఊపు ఆగీదాకా ఎత్తకూడదు," అంటూ వచ్చి పక్కన కూర్చున్నారు. తాడు పొట్టిచేసి, ఊపు ఆగాక మోటారు నిదానంగా తిప్పారు. అగ్గిపెట్టె తిన్నగా లేచింది.

"మూడో రోజు మీరే వచ్చి పిల్లలకి సెప్పండి," అన్నాను.

"పని లేనోడ్ని, నానేటి సెప్తానే?"

అయినా ప్లాన్ కాగితంలో మూడో రోజు ఎదురుగా ఆయన పేరు రాశాను. చూశారు. కొట్టేయమనలేదు.

సంతోషించాల్సిన విషయమే. నాకు మాత్రం ఏమీ అనిపించడం లేదు. ఆ రోజు పొద్దున్న ఆయన రానంటే పిల్లలకు ఏం చెప్పాలో... అందుకే పెన్సిలుతో రాశాను.