చప్పుడు నీది

పోశన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇది నీకు చేరదని తెలుసు, అయినా ఇంకెవరితో చెప్పుకోను? మీ పొలంలో నాట్లు అయ్యాయి. నాకు ఓపిక తగ్గింది, దుకాణం మధ్యాహ్నానికే మూసేస్తున్నాను.

మొన్న గణపతి పండుగకు అంకిస ఊరి మండపం వాళ్ళు వచ్చి, "కాకా, ఈసారి బామ్ని బడి సారుతోని ఆడు, జర నవ్వియ్యి" అన్నారు. ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు మనం మండపాల్లో ఆడిన చెంపదెబ్బ ఆటే, నేను కొట్టడం, నువ్వు పడడం. నా చెయ్యి నీ చెంపకు ఏనాడూ తగల్లేదు. జనానికి కనబడకుండా నువ్వే రెండు చేతులు చరిచి చప్పుడు చేసేవాడివి. ఆ సంగతి సారుకు చెప్పడం మరిచాను. నీకెప్పుడూ చెప్పాల్సి రాలేదు కదా.

నేను చెయ్యి విసిరాను, ఆయన పడ్డాడు, చప్పుడు లేదు. ఎవరూ నవ్వలేదు. కిందపడ్డ చోటి నుంచే ఆయన, "ఇగ ఏంది కాకా?" అని గొణిగాడు.

ఇవ్వాళ కోడలు ఫోన్‌లో ఓ సినిమా పెట్టి ఇచ్చింది. పాతకాలంలో లోకాన్ని నవ్వించిన ఇద్దరి దోస్తీ కథ. ఒకాయన లావు, ఒకాయన బక్క. లావాయన కొట్టినప్పుడు నేను బక్కాయన చేతులే చూశాను.

"ఆఖర్ల ఒకాయన సచ్చిపోతడు మామా, ఏడుపొస్తది" అని కోడలు ముందే చెప్పింది. సగం దాటాక ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

"అప్పుడే అయిపోయిందా? ఎట్లున్నది?"

"మంచిగున్నది. ఇద్దరున్నంతసేపు సూసిన" అన్నాను.