బలం రాకూడదు

ఫిబ్రవరి 4, మధ్యాహ్నం

ఉచ్చ వచ్చింది! రాయకూడదు గానీ రాస్తున్నాను, ఇది చదివేదెవరు? డయాలసిస్ మొదలయ్యాక మా అమ్మాయికి చుక్క కూడా వచ్చేది కాదు. వాళ్ళమ్మ కిడ్నీ పెట్టి కుట్లు వేసేలోపే ధార కట్టిందట. సర్జన్ బయటికొచ్చి చెప్పగానే ఆయన చేతులు పట్టుకుని ఊపేశాను. వదలండి పెద్దాయనా, ఈ చేతులతో ఇంకా పనుంది అన్నాడు. నవ్వి, కుర్చీలో కూలబడ్డాను. నడుము ఇక నాది కాదు. నా కిడ్నీ ఇస్తానంటే షుగరుంది, పనికిరాదన్నారు. ఆవిడది పనికొచ్చింది. మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

ఫిబ్రవరి 6

ఒక వార్డులో తల్లి, ఇంకో వార్డులో కూతురు. అది తిందా అని ఈవిడ, అమ్మ లేచిందా అని అది. మధ్యలో నేను, టౌన్ బస్సులాగా.

ఫిబ్రవరి 9

కిడ్నీ డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. పాతవి తీయలేదట, కొత్తది పొట్ట కింది భాగంలో పెట్టారట. అయితే మూడా అన్నాను. మూడే, పనిచేసేది ఒకటే అంది. మా ఫ్యాక్టరీలో ఆఫీసు రూము గుర్తొచ్చింది.

ఒంట్లో కాపలావాళ్ళుంటారట. క్రిములొస్తే తన్ని తరిమేస్తారు. కొత్త కిడ్నీని కూడా ఎవడ్రా నువ్వు అని తన్నబోతారు. దాన్నే రిజెక్షన్ అంటారట. వాళ్ళను మగతలో ఉంచడానికే ఈ మాత్రలు. పొద్దునా సాయంత్రం, టైము తప్పకూడదు, కిడ్నీ ఉన్నన్నాళ్ళూ మానకూడదు. రక్తపరీక్ష రోజు మాత్రం శాంపిల్ ఇచ్చాకే వేసుకోవాలి. కాపలా మగతలో ఉంది కాబట్టి జలుబు కూడా ముదురుతుంది, అందుకే మాస్కు. అంటే ఒంటికి బలం రాకూడదన్నమాట అన్నాను. అలాగే అనుకోండి అని నవ్వింది.

నేను జీవితమంతా గేటు దగ్గర కాపలా కాశాను. కునుకు తీసినవాణ్ణల్లా తిట్టిపోశాను. ఇప్పుడు పడుకోండ్రా బాబూ అని దండం పెడుతున్నాను.

ఫిబ్రవరి 17

ఇంటికొచ్చాం. మా అక్క ఫోన్ చేసి పిల్లకి బలం వచ్చిందా అంది. లేదక్కా, దేవుడి దయవల్ల ఇంకా రాలేదు అన్నాను. నీకు మతి పోయిందిరా అని పెట్టేసింది. సాయంత్రానికి టానిక్ సీసా పంపింది. బలం అని ఎక్కడైనా ఉందేమోనని లేబుల్ అంతా చదివాను. లేదు. 'ఇమ్యూనిటీ పెంచును' అని ఉంది. మంచిదే కదా అని స్పూన్లో పోశాను. అమ్మాయి కెవ్వుమంది. ఇమ్యూనిటీ అంటే వాళ్ళే నాన్నా, ఆ కాపలావాళ్ళే! డాక్టర్ని అడగకుండా టానిక్కులు, ఆకు పసర్లు ఏవీ ఇవ్వకు అంది. స్పూన్ చేతిలోనే ఉండిపోయింది. పారబోయడం ఎందుకని నేనే తాగేశాను. మెట్లెక్కితే ఆయాసం అలాగే ఉంది.

ఫిబ్రవరి 24, ఉదయం

క్రియాటినిన్ పెరిగింది. అది రక్తంలో చెత్త లాంటిది. కిడ్నీ సరిగ్గా ఊడవకపోతే పేరుకుంటుంది. మళ్ళీ అడ్మిట్.

ఫిబ్రవరి 24, సాయంత్రం

సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూశారు. రిజెక్షనే. ఒక్క మాత్ర కూడా తప్పలేదు నాన్నా అంటుంది పిచ్చితల్లి, పరీక్ష తప్పినదానిలాగా. ఎవరి తప్పూ కాదు, కొందరికి ఇలా వస్తుంది, ఇంజెక్షన్లిస్తే చాలామందికి లొంగుతుంది అంది డాక్టరమ్మ. చాలామందికి. ఆ ఒక్క మాట పట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను.

నువ్విచ్చినదాన్ని అమ్మాయి ఒళ్ళు వద్దంటోందని మా ఆవిడకెలా చెప్పను? చెప్పాను. అది నాది, మొండిది, పొమ్మంటే పోదు అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఫిబ్రవరి 25

ఇంజెక్షన్లు. ఇంకేం తెలీదు.

ఫిబ్రవరి 28

తగ్గింది! క్రియాటినిన్ దిగింది! నా బంగారుతల్లి కిడ్నీ నిలబడింది! రిపోర్టిచ్చిన ల్యాబువాణ్ణి కౌగిలించుకున్నాను. ఆ స్టెరాయిడ్ ఇంజెక్షన్లకి అమ్మాయి మొహం బంతిలా ఉబ్బింది. ఆకలి, చిరాకు. అన్నం చప్పగా ఉందని నర్సుతో పోట్లాట. ఆ గొంతు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చింది గానీ నేను లేవలేకపోయాను. సంతోషపడడానికి కూడా ఓపిక కావాలని ఇప్పుడే తెలిసింది.

మార్చి 6

ఇంటికొచ్చాం. మా ఆవిడ అమ్మాయి పొట్ట మీదికి వంగి, ఎలా ఉన్నావే అంది. బాగున్నానమ్మా అంది అమ్మాయి.

నిన్ను కాదు అంది.