స్టేషన్ మాస్టరు చివరి డిస్కు

2007 జూలై 3, మంగళవారం

బావగారికి డయాలసిస్ రోజు. పొద్దున్నే తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో అక్కతో ఏలూరులో దిగారు. ఆసుపత్రి అయ్యాక నేరుగా నా డీవీడీల షాపు వెనక గదికి. మంచం, ఫ్యాను, టీవీ, డీవీడీ ప్లేయరు... సాయంత్రం రైలు దాకా అదే ఆయన రాజ్యం. మొహం పాలిపోయి ఉంది. నోరు మాత్రం తగ్గలేదు.

"ఏమోయ్ బావమరిదీ, కుక్కల ఆఫీసు పెట్టు."

నేను స్టేషన్ మాస్టరు పెట్టాను. మొదటి డిస్కు.

పాత తగువే. పెద్దవాళ్లు చూడదగ్గ బొమ్మల సీరియళ్లలో ఏది గొప్పది? ఆయన ఓటు కుక్కల ఆఫీసుకి. టైలు కట్టుకున్న కుక్కలు, ఫైళ్లు, అరిచే మేనేజరు. ఏ వారం కథ ఆ వారానికే సరి. పోయిన వారం ఉద్యోగం ఊడిన కుక్క ఈ వారం మళ్లీ అదే కుర్చీలో. నా ఓటు స్టేషన్ మాస్టరుకి. జనం వదిలేసి పోయిన ఊరు, ఏ రైలూ ఆగని స్టేషను, అయినా ప్రతి రైలుకీ పచ్చజెండా ఊపే ముసలాయన. అందులో కథ నడుస్తుంది. మనుషులకి వయసొస్తుంది. ఈ పేర్లు మేం పెట్టుకున్నవే. అసలు పేర్లు జపాను లిపిలో ఉన్నాయి, చదివే నాథుడు ఏలూరులో లేడు. డిస్కుల మీద ఒకటి, రెండు అని స్కెచ్ పెన్నుతో రాసింది కూడా నేనే, తోచిన వరసలో.

"మారకపోవడమే పెద్దవాళ్ల కథ. ఇన్నేళ్లు బయాలజీ చెప్పాను, మా స్టాఫ్‌రూము మారిందా?"

"మీరు మారారు కదండీ" అన్నాను. అనకుండా ఉండాల్సింది.

జూలై 6, శుక్రవారం

వంటింట్లో అక్క కుళాయి తిప్పి మరీ చెప్పింది, గదిలోకి వినపడకూడదని.

"ఇంక రానంటున్నారు తమ్ముడూ. సూదులు చాలంట. ప్రభువు పిలిచినప్పుడు వెళ్తానంటున్నారు."

అక్క కిడ్నీ కలవలేదు. నాకు షుగరు. ఇంకెవరున్నారు... మానేస్తే ఎన్నాళ్లని డాక్టరుగారిని అడిగింది. ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడట. ఎన్నో రోజులు పట్టదని అర్థం.

గదిలోకి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియదు. బతకండి అని ఎలా అడుగుతాం ఒక మనిషిని? నోటికొచ్చింది అనేశాను.

"బావగారూ, స్టేషన్ మాస్టరు అయ్యేదాకా రండి. ముగింపు చూసి, ఏది గొప్పదో తీర్పు చెప్పండి. తరవాత మీ ఇష్టం."

చాలాసేపు నవ్వారు. ఆయాసం వచ్చింది.

"సరేనోయ్. ముగింపు చూశాకే మానేస్తా. మాట."

మొత్తం ఐదు డిస్కులు. ఇదేం బేరమో. సిగ్గుగా ఉంది. అయినా బేరం కుదిరింది.

జూలై 10

రెండో డిస్కు. బాగుందని ఒప్పుకోరు. "నీ ముసలాయనకి పెన్షనుందా?" అని అడిగారు.

రమణిగారు వచ్చారు. డిగ్రీ కాలేజీలో లెక్చరరు. బొమ్మల సీరియళ్లు అద్దెకి తీసుకునే పెద్దమనిషి ఊరు మొత్తానికి ఆవిడ ఒక్కరే. మిగతావాళ్లకి నేను చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పిల్లలవి కదండీ అంటారు, ఫైటింగు సినిమా పట్టుకుపోతారు. అదీ ఈమధ్య తగ్గింది. షట్టరు ఎందుకు తీస్తున్నానో నాకే తెలియదు.

"ఏడుపు ఇంట్లో కావలసినంత ఉందండి. నవ్వించేవి ఇవ్వండి" అన్నారు. గదిలోంచి బావగారు "అలా చెప్పండమ్మా!" అని కేక. ఆవిడ సెలవు పెట్టి హైదరాబాదు వెళ్తున్నారట, తమ్ముడింటికి. స్టేషన్ మాస్టరు అక్కడ దొరికితే తప్పకుండా చూడండి అని బతిమాలినంత పని చేశాను.

జూలై 13, శుక్రవారం

మూడో డిస్కు. ఆఖరి భాగమంతా వాన. స్టేషను రేకుల మీద వాన, పట్టాల మీద వాన, ఖాళీ బెంచీ మీద వాన. ఒక రైలు వస్తుంది, కిటికీలోంచి పచ్చజెండా, రైలు పోతుంది. అంతే. మాటల్లేవు.

బావగారికి రోజు మొత్తానికి ఒక్క గ్లాసు నీళ్లు. అందులో సగం మాత్రలకే. అక్క ఐసుముక్క ఇస్తే బుగ్గన పెట్టుకుని చూస్తున్నారు.

"ఇన్ని నీళ్లు చూపించి చంపుతున్నాడోయ్ వీడు. ఏం జరగలేదు ఇందులో. చెత్త."

నాకూ అలాగే అనిపించింది. అనలేదు. పైగా చివర్లో డిస్కు చటుక్కున ఆగిపోయింది. ప్రతి భాగం చివరా వచ్చే వారం ఏమిటో కాస్త చూపిస్తాడు కదా, అదీ రాలేదు. గీత పడి ఉంటుంది. టూత్‌పేస్టు రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే. మన డిస్కుల బతుకే అంత. చూసిన సినిమాలకి ముగింపేమిటో సగం ఏలూరికి తెలియదు.

జూలై 15, ఆదివారం

ఆరాధన అయ్యాక అక్కా బావా నేరుగా ఏలూరు వచ్చారు. కొల్లేరు చూడాలని ఆయన కోరిక. పుట్టింది అక్కడే. ఆటోలో వెళ్లాం. వాళ్లన్నగారి చేపల చెరువు గట్లు నిరుడు ప్రభుత్వం వాళ్లు పొక్లెయిన్లు పెట్టి కొట్టేశారు. ఇప్పుడు ఏది చెరువో ఏది సరస్సో తెలియదు. గుర్రపుడెక్క. పెద్ద ముక్కుల పక్షులు. కాపలాగుడిసె ఒక్కటి నీళ్లలో ఒరిగిపోయి ఉంది, కప్పు మీద ఇంకా యాంటెన్నా.

"తాగకపోయినా చూడొచ్చు కదా నీళ్లు" అన్నారు. చూశారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది.

జూలై 20

నాలుగో డిస్కు. ముసలాయన, దారి తప్పి స్టేషనులో చిక్కుకున్న ఆవిడకి టీ కాచి ఇస్తాడు. బావగారు తగువుపెట్టుకోలేదు. రెండోసారి పెట్టమన్నారు. ఆవిడ వెళ్లిపోయాక కప్పు కడగడు, అలాగే ఉంచుతాడు. అక్కడ ఆయన కళ్లు తుడుచుకున్నారు. చూడనట్టు ఫ్యాను స్పీడు పెంచాను.

జూలై 24, మంగళవారం

ఐదోది అయిపోయింది. పొద్దున్నుంచీ నాకు భయం. ఇవాళతో బేరం తీరిపోతుందని.

తీరలేదు! చివర్లో వచ్చే వారం సంగతి చూపించాడు. మబ్బు పడుతున్న ఆకాశం. అంటే ఇంకా ఉంది. బావగారు లేచి కూర్చున్నారు.

"ఆరోది ఉందన్నమాట. తెప్పించవోయ్. అది చూడకుండా తీర్పు చెల్లదు."

విజయవాడలో డిస్కులు పంపేవాడికి ఫోన్ చేశాను. "ఐదేనండి, వచ్చినవన్నీ ఇచ్చేశాను" అంటాడు. వాడి మొహం. వాడికి సరుకు తెలుసా, పాడా. వెతకమని గట్టిగా చెప్పాను. రైలెక్కేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుంది. చాలా రోజుల తరవాత అన్నం తినబుద్ధేసింది.

జూలై 28, శనివారం

రమణిగారు హైదరాబాదు నుంచి వచ్చేశారు. వస్తూనే—

"మీరు చెప్పింది చూశానండి. మా తమ్ముడి కంప్యూటర్లో మొత్తం ఉంది. ఏం ముగించాడండీ ఆ వానతో!"

ఏ వాన అన్నాను.

"చివరి భాగమండి. ముసలాయన పోతాడు కదా. ఆ చెయ్యి చూడలేదా మీరు?"

ఆవిడ వెళ్లాక షట్టరు సగం దించి మూడో డిస్కు పెట్టాను. నేను మూడని రాసింది. వాన. బెంచీ ఖాళీగా లేదు, దాని మీద ఆయన టోపీ ఉంది, తడుస్తూ. రైలు. కిటికీలోంచి జెండా... పట్టుకున్న చేతికి ముడతల్లేవు. ఎవరో కొత్తవాడు. తరవాత చీకటి. అంతే. గీత పడలేదు. డిస్కు శుభ్రంగా ఉంది. కథే అక్కడ అయిపోయింది. నేను మూడని రాసిందే అసలు ఆఖరిది.

ముగింపు చూసేశాం. ఐసుముక్క చప్పరిస్తూ, చెత్త అనుకుంటూ చూసేశాం. టూత్‌పేస్టు రాశాను దానికి.

జూలై 31

"వచ్చిందా?"

"ఇంకా లేదండి. వెతుకుతున్నాడట."

"తొందరేం లేదులే. వచ్చేదాకా నేను వస్తాగా."

మిషను మీద ఉండగా బీపీ పడిపోయిందట ఇవాళ. వాచిపోయిన ఆ కాళ్లు చూడలేకపోయాను. నేనేదో మేలు చేద్దామనుకున్నాను. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నిజం చెబితే శుక్రవారం నుంచి రారు. చెప్పకపోతే, లేని డిస్కు కోసం వారానికి రెండుసార్లు ఆ సూదులు. నా వల్ల.

ఆగస్టు 3

రాలేదని చెప్పాను. కుక్కల ఆఫీసు పెట్టాను. పాతదే. ఇద్దరం నవ్వాం. ఉద్యోగం ఊడిన కుక్క మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఆయన చెప్పిందే నిజం, అదే గొప్పది. నాకిప్పుడు వయసొచ్చే కథలొద్దు. వచ్చే మంగళవారం కూడా ఇదే మంచం మీద ఇదే మనిషి ఉండాలి, నన్ను తిట్టాలి. ఓడిపోయానని ఆయనకి చెప్పేద్దామనుకున్నాను. చెబితే తీర్పు అయిపోయినట్టే కదా. నోరు మూసుకున్నాను.

ఆగస్టు 5, ఆదివారం

అక్క ఫోన్. సంఘంలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి నిలబడ్డారట, అక్క భుజం పట్టుకుని. "ఆరో డిస్కు వచ్చేదాకా దేవుడు నన్ను నిలుపుతున్నాడు" అన్నారట. కొందరు నవ్వారట. పాస్టరుగారు మాత్రం కళ్లు మూసుకుని, ఆ డిస్కు త్వరగా దొరకాలని ప్రార్థన చేశారట.

"అందరూ ఆమెన్ అన్నారు తమ్ముడూ. నేనూ అన్నాను" అంది అక్క. మళ్లీ తనే, మెల్లగా: "నిన్న పడుకోలేకపోయారు. ఆయాసం. కూర్చునే ఉన్నారు."

ఆగస్టు 7, మంగళవారం

వచ్చారు. రిక్షా దిగి రెండడుగులు వేయడానికే గోడ పట్టుకున్నారు. వచ్చిందా అని అడగలేదు. అడుగుతారని చూశాను, అడగలేదు. మంచం మీద ఒత్తిగిలి గోడ వైపు తిరిగి పడుకున్నారు. బయట ముసురు. షాపు ముందు నీళ్లు నిలిచాయి. ఒక్క మనిషి రాలేదు.

"ఏమోయ్... ఆ వాన డిస్కు పెట్టు."

"అది చూసేశాం కదండీ."

"అప్పుడు నీళ్లే చూశాను. ముసలాయన్ని చూళ్లేదు."

అక్క వైపు చూశాను. గ్లాసులో ఐసు వైపు చూస్తోంది. తెలిసిపోయిందా ఆయనకి? ఎలా? ఊరికే అన్నారా? ఆ మొహంలో నాకేమీ కనపడలేదు.

"గీత పడిందండి అది. చివర్లో ఆగిపోతుంది."

"ఆగేదాకానే పెట్టు."

తుడిచి తెస్తానని చెప్పి డిస్కు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చేశాను. స్కెచ్ పెన్నుతో నేను రాసిన మూడు, ఇంకా అలాగే ఉంది. తుడవడానికి ఏమీ లేదు దాని మీద.

"ఏమోయ్" అని మళ్లీ పిలిచారు.

తుడుస్తున్నా బావగారూ, అని కేకేశాను. ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను.