నా మీద చాడీ చెప్పినవాడికి తప్ప

నాంట్ గారెగ్ లోయలో చాపెల్ వీధి కొస ఇంట్లో ఉంటూ, పూర్వం గనిలో బొగ్గు కొట్టి, ఒకే ఒక్కసారి వేల్స్ దేశపు జట్టు ఎర్ర జెర్సీ తొడుక్కుని రగ్బీలో స్క్రమ్ హాఫ్‌గా ఆడిన ఇడ్వల్ ప్రోథెరో అను నేను, డెబ్బైరెండో ఏట, తెలివి తిన్నగా ఉండగా, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా రాయిస్తున్న మరణశాసనం ఇది. బుజ్జగించడానికి ఇద్దరు వచ్చారు. టీ ఇచ్చి పంపేశాను. దీనికి ముందు రాసినవన్నీ రద్దు.

1. ఇల్లు, సామాను, పెరడు నా కూతురు హైల్వెన్‌కు సర్వహక్కులతో చెందవలెను. దీన్ని అమలు జరిపే బాధ్యతా ఆమెదే. ఆమె భర్తకు పావురాల గూటి తాళంచెవి మాత్రం ఇవ్వకూడదు. ఈ మధ్య నా దగ్గు గురించి మరీ శ్రద్ధగా వాకబు చేస్తున్నాడు.

2. నా భార్య ఎలినెడ్ చాపెల్‌కు పెట్టుకెళ్లే నీలం టోపీ కూడా హైల్వెన్‌కే. దాన్ని శుభ్రం చేయించవద్దు. లోపలి పట్టీకి ఇంకా ఆమె తల వాసన ఉంది.

3. మా ఊరి రగ్బీ క్లబ్బుకు ఏమీ లేదు. కారణం కూడా ఇందులో ఉండాలి. ఐర్లాండ్ మీద ఆడి గెలిచాం. రెండో ఆటకు పిలుపు వచ్చింది. ఆ వారమే ఇంగ్లండ్ ఉత్తరాది నుంచి, జట్టుకు పదమూడుమందితో జీతానికి ఆడే వేరే రగ్బీ వాళ్లు ఇద్దరు, నన్ను తమ జట్టులోకి రమ్మని మా గుమ్మంలోకి వచ్చారు. మాది పదిహేనుమంది ఆట, కూలి ముట్టని ఆట. వాళ్లతో మంతనాలాడితే చాలు, వెలి. రానని చెప్పి పంపేశాను. అయినా ఎవరో క్లబ్బు చెవిలో ఊదారు. కార్యదర్శి పిలిచి, "ఇడ్వల్, ఇక ఈ గేటు లోపల కాలు పెట్టకు" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే, "గోడలు చెప్పాయిలే" అన్నాడు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. మళ్లీ బంతి పట్టలేదు. ఇప్పుడు ఈ ఆటలోనూ అందరికీ జీతాలే. పోయిన శీతాకాలం క్లబ్బు నన్ను విందుకు పిలిచింది. వాళ్లకు నాతో ఏం పనిబడిందో ఇంకా తేలలేదు.

4. నా స్థానంలో ఎర్ర జెర్సీ వేసుకున్నవాడు బ్రిన్‌లీ హాప్కిన్. గనిలో నా జతగాడు, మా ఎదురింటివాడు. ఉత్తరాదివాళ్లు వచ్చినప్పుడు వాడి కిటికీ తెర కదిలింది. చెప్పింది వాడేనని తేల్చుకుని, మాట మానేశాను. వాడు పలకరించినప్పుడల్లా ఎందుకు పలకరిస్తున్నాడా అని ఆలోచించాను.

5. ఈ వసంతంలో పోయేముందు ఎలినెడ్ నా చెయ్యి పట్టుకుని, "చెప్పింది నేనే. నువ్వు వాళ్ల వెంట పోతే అమ్మనీ, ఈ లోయనీ వదిలి నేనూ రావాలి కదా. భయమేసి కార్యదర్శి పెళ్లాంతో అన్నాను. బ్రిన్‌లీని ఏమీ అనకు, పాపం" అంది. ఆ చివరి మాట దగ్గరే నాకు అనుమానం తగిలింది. వీధిలో తగవు తీర్చి పోదామని నేరం తన నెత్తిన వేసుకుందా? గట్టిగా అడిగేలోపే కళ్లు మూసింది.

6. అందుకని నిన్న వీధి దాటి వెళ్లి బ్రిన్‌లీని పరీక్షించాను. "నా జెర్సీ నీ పేర రాస్తా, పుచ్చుకుంటావా?" అన్నాను. వాడు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇన్నేళ్లకు నోరు తెరిచింది ఇందుకా, ముసలి గాడిదా! సాక్షి సంతకానికి మనిషి దొరికాడా?" అన్నాడు. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామాలో ఏదీ దక్కదని వకీలు చెప్పిన సంగతి వివరించాను. "అయితే నాకు పెన్నే ఇవ్వు" అన్నాడు. మొహంలోకి చూశాను. బాగా దాచేవాడికీ, దాచేందుకు ఏమీ లేనివాడికీ మొహం ఒక్కలాగే ఉంటుంది.

7. కాబట్టి జెర్సీ హైల్వెన్‌కు చెందవలెను. నా శవపేటిక మోసేవాళ్లలో బ్రిన్‌లీ హాప్కిన్ ఉండవలెను. మోయలేకపోతే చెయ్యి ఆనిస్తే చాలు. అయితే ముందువైపే ఉండాలి. వెనకుంటే ఏం చేస్తాడో నాకు కనబడదు.

2000 నవంబరు 9, నాంట్ గారెగ్.

(సంతకం) ఇడ్వల్ ప్రోథెరో

నా ఎదుట, ఒకరి ఎదుట ఒకరు సంతకం చేసిన సాక్షులు:
గ్వాల్టర్ పెన్రి, వకీలు గుమాస్తా
బ్రిన్‌లీ హాప్కిన్, ఎదురిల్లు