పదకొండు ‘అవును’లు

శశీ,

ఒక తల్లి సాయం కోసం చెప్పుకున్న మాటల్ని ఆమె మీదే సాక్ష్యంగా తిప్పే యంత్రం తయారుచేశావు నువ్వు. చేసి, దానికి ‘సింగిల్ డోర్’ అని ముద్దుపేరు పెట్టి మా కౌంటీ ప్రభుత్వానికి అమ్మావు. ముందు ఈ మాట నీ ముఖాన చెప్పాలి. కుశలం ఆ తర్వాత.

సరే, కుశలం. చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీ బావగారి షుగర్ అదుపులో ఉంది. నా మోకాలు మెట్లు దిగేటప్పుడు తప్ప నన్ను తిట్టడం లేదు. శాంటా క్లారాలో నువ్వూ, నిధీ, రియా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. రియా డ్రైవింగ్ టెస్ట్ పాసయిందని రాశావు, దానికి నా ముద్దులు చెప్పు. గోంగూర పచ్చడి అందిందో లేదో మాత్రం రాయలేదు. ఫోన్ చేయకుండా ఇలా రాస్తున్నానేమని అడగకు. తగువేదైనా ఉంటే కాగితం మీద పడండి అని నాన్న పెట్టిన అలవాటు మనది. ఫోన్‌లో అయితే నువ్వు మ్యూట్ నొక్కుకుని మెయిల్స్ చూసుకుంటావు. నాకు తెలుసు.

నీ కిందటి ఉత్తరంలో రెండు సంగతులు అడిగావు. కొత్త సిస్టమ్ మా సెంటర్లో ఎలా నడుస్తోందని ఒకటి. మీ కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి నా పేరుతో రెండు మంచి మాటలు రాసివ్వమని ఇంకొకటి. పాత ఫారాలన్నీ కొత్త దానిలోకి ఎక్కించామనీ, ఒక్క రికార్డు కూడా పోలేదనీ గొప్పగా రాశావు. ఆ పోని రికార్డుల్లో ఒకటి గీతాంజలిది. దాని గురించే ఈ ఉత్తరం.

పదిహేనేళ్లుగా నేను పనిచేస్తున్న ఫ్యామిలీ సెంటర్ నువ్వు చూసిందే, పాత లైబ్రరీ వెనక హాలు. డైపర్లు, స్ట్రోలర్లు, డేకేర్ కోసం వెయిటింగ్ లిస్టు, గురువారం తల్లుల సమావేశం. పిల్లల్ని కొడుతున్నారనో, పస్తులు పెడుతున్నారనో ఫిర్యాదు వస్తే వెళ్లి చూసే పిల్లల రక్షణ ఆఫీసు వేరు, అది హైవేకి అవతల ఉండేది. వాళ్ల ఫైలు వాళ్లది, మా ఫైలు మాది. ఈ జనవరి నుంచి కౌంటీ వాళ్లు రెండింటినీ కలిపేశారు. ఒకే డెస్కు, ఒకే ఫైలు, ఒకే లాగిన్. మా హాలు తలుపు మీద ఇప్పుడు రెండు ఆఫీసుల పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. అన్నం పెట్టే చెయ్యీ, సంకెళ్లు వేసే చెయ్యీ ఒకే చొక్కాలోంచి బయటికొచ్చినట్టు.

గీతాంజలి నవంబరులో వచ్చింది. ముప్ఫై ఒకటి ఉంటాయేమో. ఆరేళ్ల పిల్ల వేద, ఆరు నెలల పాప. భర్త హర్షవర్ధన్‌కి బెంటన్‌విల్‌లో క్లయింట్ దగ్గర పని, రెండు వారాలకోసారి ఫ్లైట్‌లో వచ్చి వెళ్తాడు. సాయానికి వచ్చిన ఆమె తల్లి వీసా గడువు అయిపోయి తిరిగి వెళ్లిపోయింది. గీతాంజలికి వర్క్ పర్మిట్ చేతికొచ్చింది, ప్రీస్కూల్లో అసిస్టెంట్ టీచర్‌గా ఉద్యోగం కూడా ఖాయమైంది. చంటిదానికి డేకేర్ దొరికితే చాలు, చేరిపోతుంది.

“అనురాధ గారూ, నాకేం పెద్ద కష్టాలు లేవండీ. నిద్ర లేదు, అంతే. నాకంటే అవసరం ఉన్నవాళ్లుంటే వాళ్లకే ఇవ్వండి,” అంది.

“అలా మొహమాటపడితే ఈ దేశంలో ఏమీ దొరకదమ్మా. ఏదీ దాచకుండా చెప్పు. ఇది మన చోటు, ఇక్కడ చెప్పింది గడప దాటదు,” అన్నాను.

నేనన్న మాటే, శశీ. గడప దాటదని.

మా ఫారంలో ఇరవై ప్రశ్నలుంటాయి. ఎన్ని ‘అవును’లు పడితే అంత అవసరం ఉన్నట్టు లెక్క, అంత తొందరగా వెయిటింగ్ లిస్టులో పైకి వెళ్తారు. గీతాంజలి ఫారంలో పదకొండు పడ్డాయి. ఆమెకి మార్చిలో డేకేర్ వస్తుందని నేనే స్వీట్ తినిపించాను.

జనవరిలో మీరు ఆ ఫారాన్ని కొత్త దానిలోకి ఎక్కించారు. ప్రశ్నలు అవే, జవాబులు అవే, పైన శీర్షిక మాత్రం మారింది. నిన్నటిదాకా అక్కడ ‘కుటుంబ అవసరాలు’ అని ఉండేది, ఇప్పుడు ‘పిల్లలకు ప్రమాద సూచికలు’ అని ఉంది. తొమ్మిది దాటితే ఎవరూ ఏమీ నొక్కనక్కర్లేదు, ఫైలు దానంతటదే రక్షణ విభాగానికి వెళ్తుంది. సాయం అడిగిన కారణమే నేరమైంది. ఆ తల్లికి ఒక్క ముక్క చెప్పినవాడు లేడు.

ఫిబ్రవరిలో ఇద్దరు ఆఫీసర్లు ఆమె ఇంటికొచ్చారు. ఫ్రిజ్ తెరిచి, ఇడ్లీపిండి గిన్నె మూత తీసి ఫొటో తీసుకున్నారు. తల్లీ పిల్లలూ నేల మీద ఒకే పరుపు మీద పడుకుంటారని రాసుకున్నారు. అంతకు ముందే స్కూల్లో వేదని పక్క గదిలో కూర్చోబెట్టి, రాత్రి అన్నం ఎవరు పెడతారని అడిగారట.

“రాధారాణి అమ్మమ్మ! షి పుట్స్ ఇట్ ఇన్ అవర్ మౌత్,” అని మురిసిపోతూ చెప్పిందట ఆ పిల్ల.

“మరి మమ్మీ?”

“మమ్మీ టైర్డ్. స్లీపింగ్.”

రాధారాణి గారు వాళ్ల అపార్ట్‌మెంట్లోనే పక్క బిల్డింగ్‌లో ఉంటారు, కొడుకు దగ్గరికి విజిటర్‌గా వచ్చిన కాకినాడ ఆవిడ. సాయంత్రం ఆరింటికి పెద్ద బేసిన్లో పప్పన్నం, నెయ్యి కలిపి, కాంప్లెక్స్‌లో మన పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని వరసగా ముద్దలు పెడతారు. ఏ తల్లీ పిలవలేదు, ఏ తల్లీ వద్దనలేదు. మన వాళ్లకి అది మామూలే కదా. పిల్ల పక్కింట్లో తినొచ్చిందంటే ఆ పూటకి నిశ్చింత. ఆఫీసర్ల కాగితంలో మాత్రం అది ‘సంబంధం లేని వ్యక్తి వద్ద ఆహారం, తల్లి అందుబాటులో లేదు’ అయింది.

నేను వెళ్లేసరికి రాధారాణి గారు మండిపడుతున్నారు. “ఇదేం చోద్యవమ్మా! నా చేతి ముద్ద తిన్నందుకు ఆ పిల్ల తల్లి మీద కేసా? వాళ్లనోసారి నా దగ్గరికి రమ్మను. ఎన్ని ముద్దలు తిన్నాదో, ఎన్ని ఊసేసిందో అన్నీ చెబుతాను. వాళ్లకీ రెండు పెడతాను, ఆకలి మీదున్నట్టున్నారు.”

నవ్వొచ్చింది. కానీ లోపల్నుంచి కొడుకు వచ్చి, “అమ్మా, ఇవన్నీ వద్దు. మన గ్రీన్‌కార్డ్‌కి ఏదైనా ప్రాబ్లం వస్తే?” అన్నాడు. మర్నాటి నుంచి ఆ బేసిన్ బయటికి రాలేదు. పిల్లలు రెండ్రోజులు తలుపు కొట్టి చూసి, మానేశారు. నీ సింగిల్ డోర్ తెరుచుకున్నాక ఇక్కడ మూసుకున్న మొదటి తలుపు అదే.

మా డైరెక్టర్ నమ్రత ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మంచి మనసే. ఆమె గదిలోకి వెళ్లి అరిచాను.

“ఆంటీ, ప్లీజ్, కామ్‌గా ఉండండి. ఇట్స్ జస్ట్ ఎ ప్రాసెస్. వాళ్లు హెల్ప్ చేయడానికే వచ్చారు.”

“హెల్ప్ చేసేవాళ్లు పిల్లని వేరే గదిలోకి తీసుకెళ్లి అడుగుతారా?”

“సేఫ్టీ కోసం. అండ్ ఆంటీ, బోర్డు మీటింగ్‌లో మెర్జర్ కావాలని స్పీచ్ ఇచ్చింది మీరే కదా?”

అవును, నేనే. తల్లి తన కష్టాన్ని ఐదు కిటికీల దగ్గర ఐదుసార్లు ఏడ్చి చెప్పుకోకూడదు, ఒక్క తలుపు ఉండాలి అని మైకు ముందు మూడు నిమిషాలు ఊదరగొట్టాను. ఆ వీడియో నీ సేల్స్ ప్రెజెంటేషన్‌లో ఉంది. ‘నువ్వడిగిందేగా అక్కా’ అంటావని తెలుసు. నేనడిగింది డాక్టరూ, డేకేరూ, బియ్యం సంచీ ఒక్క చోట దొరకాలని. తల్లి కన్నీళ్ల వెనక ఒకడు నోటుబుక్కు పట్టుకుని నిలబడాలని కాదు. ఖర్చు తగ్గుతుందని కౌంటీ వాళ్లు కలిపారు, కాంట్రాక్టు పెద్దదవుతుందని మీరు కలిపారు, ప్రజల పక్షం అనుకుని నాలాంటివాళ్లు చప్పట్లు కొట్టారు. మన ముగ్గురిలో ఎవరికైనా ఒక తల్లిని అడగాలని తోచిందా?

పిల్లల రక్షణే వద్దంటున్నానని వక్రీకరించకు. వాతలు తేలిన పిల్లల్ని ఈ చేతులతో ఎత్తుకున్నాను. ఆ పిల్లల కోసం ఆఫీసర్లు ఉండాల్సిందే, తలుపు బద్దలు కొట్టాల్సిందే. కానీ వాతలు తేలిన పిల్ల గురించి మాకు తెలిసేది ఎలా? తల్లి భయం లేకుండా గురువారం వచ్చి కూర్చుంటేనే. మొన్న గురువారం ఎప్పుడూ వచ్చే పద్నాలుగు మందిలో ఇద్దరే వచ్చారు. ఆ ఇద్దరూ డైపర్లు తీసుకుని, పేరు రాయకుండా వెళ్లిపోయారు.

ఇప్పుడు గీతాంజలి సంగతి. ఈ నెల పంతొమ్మిదిన ఆమె కేసు మీద రివ్యూ ఉంది. నిర్లక్ష్యం రుజువైందని తేల్చితే పిల్లల్ని సరిగా చూడనివాళ్ల రిజిస్ట్రీలోకి ఆమె పేరు ఎక్కుతుంది. పిల్లలతో పనిచేసే ఏ ఉద్యోగమూ ఆమెకి ఇక ఇవ్వరు. ప్రీస్కూల్ ఉద్యోగం సంగతి అంతే. అప్పటిదాకా పిల్లలతో ఒంటరిగా ఉండకూడదన్నారు కాబట్టి హర్షవర్ధన్ పని వదిలి ఇంట్లో కూర్చున్నాడు, అతని కంపెనీ వాళ్లు ఎన్నాళ్లు ఊరుకుంటారో తెలీదు. గీతాంజలి నాతో గట్టిగా ఒక్క మాట అనలేదు. కాఫీ ఇచ్చింది. వేద మాత్రం నా పక్కన కూర్చుని, “ఆంటీ, ఐ గేవ్ ద రాంగ్ ఆన్సర్?” అని అడిగింది.

ఆ పిల్ల కాదు శశీ, తప్పు జవాబు రాసింది. నేను.

ఇంతసేపూ నిన్ను తిట్టి దీన్ని వెనక దాచాను. గీతాంజలి చెప్పిన ‘అవును’లు ఆరే. మిగతా ఐదూ నేను పెట్టాను. వెయిటింగ్ లిస్టులో పైకి రావాలని మా సెంటర్లో అందరం చేసే పనే అది, పదిహేనేళ్లుగా చేస్తున్నాం. ‘గత నెలలో బిడ్డకు ఇంట్లో భోజనం లేని రోజులున్నాయా?’ అన్న ప్రశ్నకి ఆమె, “వేద రాధారాణి గారింట్లో తినొస్తుందండీ, ఇంట్లో తినదు,” అంది నవ్వుతూ. నేను ‘అవును’ నొక్కాను. ఆ ఆరే ఉండి ఉంటే ఆ ఫైలు ఎక్కడికీ కదిలేది కాదు. ఆ కాఫీ తాగుతూ కూడా ఆమెకి చెప్పలేదు. నన్ను చూస్తే నాకే రోత.

పాత సిస్టమ్‌లో ఏ టిక్కు ఎవరు పెట్టారో కనిపించేది. మీ దాంట్లోకి ఎక్కాక పదకొండింటి పక్కనా ఒకటే మాట ఉంది: ‘తల్లి స్వయంగా తెలిపినది’. నేను ఒప్పుకున్నా, స్నేహం కొద్దీ అబద్ధమాడుతున్నానంటారు. ఆ మాట అక్కడికి ఎలా వచ్చిందో చెప్పగలిగింది నువ్వే. నీకు కాంట్రాక్టు పోవచ్చు, నాకు ఉద్యోగం ఎలాగూ పోతుంది. వేద అడిగిన ప్రశ్నకి మనిద్దరం బాకీ ఉన్నాం. కాబట్టి నేను కోరుతున్నవి ఇవీ:

ఒకటి. ‘తల్లి స్వయంగా తెలిపినది’ అన్నది పాత ఫారాలు ఎక్కించేటప్పుడు మీరు అన్నింటికీ కలిపి తగిలించిన ముద్ర అని, నీ సంతకంతో, పంతొమ్మిదో తేదీకి ముందు రివ్యూ కమిటీకి రాయి.

రెండు. పాత సిస్టమ్ కాపీలో ఆ ఐదు టిక్కుల పక్కన నా పేరుంటుంది. అది తీసి పంపు. నా పేరు చెరపకు.

మూడు. జనవరికి ముందు రాసిన ఫారాలన్నీ ప్రమాద లెక్కలోంచి తీసేయండి. గీతాంజలిది ఒక్కటే కాదు, అన్నీ.

నాలుగు. సాయం అడిగే ఫైలూ, ఫిర్యాదు ఫైలూ మళ్లీ విడదీయండి. అది కుదరకపోతే, చెప్పింది ఎక్కడికి వెళ్తుందో మొదటి ప్రశ్నకంటే ముందు తల్లికి ఆమె భాషలో చెప్పండి.

ఐదు. నా మూడు నిమిషాల వీడియో ఈ రోజే తీసేయ్.

ఆరు. శనివారం గీతాంజలి ఇంటికెళ్లి ఆ ఐదూ నావని చెప్తున్నాను. పదకొండు గంటలకి. ఆ టైముకి నువ్వు ఫోన్‌లో ఉండు, మ్యూట్ లేకుండా.

ఇట్లు,
నిన్నూ తననూ ఒకే కోపంతో చూస్తున్న
నీ అక్క,
అనురాధ