అన్న అడిగిన బల్ల

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ పేరిట, నువ్వు కసరత్తు చేసిన తాలీంఖానాకు బల్ల ఇద్దామనుకున్నాను. నేను చదివి చెప్పిన ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూసి, పడుకుని బరువులెత్తడానికి నువ్వు అడిగావే, అలాంటిది.

వనపర్తి వడ్రంగి రాజయ్య తాత మొదట ఆనుకునే పలక పెట్టి కుర్చీలా చేశాడు. రెండోసారి మంచమంత వెడల్పు చేశాడు. మోచేతులు కిందికి దిగాలంటే సన్నగా ఉండాలన్నాను.

"నీకేం ఎర్క బిడ్డా? ఎన్నడన్న తాలీం మొఖం సూసినవా?"

చూడలేదు. అక్కడ ఆడవాళ్లను గడప తొక్కనివ్వరు. నువ్వు ఇంట్లో పీటలు జోడించి పడుకుని గుండురాయి ఎత్తుతుంటే, పుస్తకం మూసి లెక్కపెట్టేదాన్ని. నాకు తెలిసింది అంతే.

ఈరోజు మూడో బల్ల చూపించాడు. సన్నగానే ఉంది.

"ఊగుతదేమో, జర పండుకొని సూడు తాతా."

"నా నడుము ఇరుగుతది. బాగనే ఉంది, తీస్కపో" అని నవ్వాడు. పక్కన బండి చక్రం కోసం వచ్చిన రైతులూ నవ్వారు.

కోపమొచ్చింది. కొంగు బిగించి, వాళ్లందరి ముందే వెల్లకిలా పడుకుని చేతులు పైకెత్తాను. బల్ల ఊగింది.

"ఒక కాలు పొట్టిగుంది" అన్నాను, లేవకుండానే.

ఎవరూ నవ్వలేదు. తాత వంగి బల్ల కాలు చూశాడు.