లోపలి గడియ

మస్తానమ్మ పిన్నీ,

నువ్వు చివరిదాకా ఉన్న గదిని ఇవాళ కోటమ్మకు ఇప్పించాను. నీలాగే ఆమె కూడా మిర్చి యార్డులో తొడిమలు తీస్తూ, గుంటూరు బస్టాండులో పడుకునేది. వాలంటీరుగా నేను నెలల తరబడి వెంటపడితే ఇప్పటికి బస్టాండు వదలడానికి ఒప్పుకుంది.

గదిలోకి రాగానే ఫ్యానూ చూడలేదు, పంపూ చూడలేదు. "లోపల గడియుందా అమ్మాయ్?" అంది. నువ్వూ మొదట అదే అడిగావు. గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి చిన్నపిల్లలా నవ్వావు.

బస్టాండులో నువ్వు పొద్దున్నే లేవకపోతే టీ కొట్టు సుభాని వచ్చి తట్టి లేపేవాడు. ఈ గదిలో నువ్వు రెండు రోజులు లేవకపోయినా ఎవరికీ తెలియలేదు. తలుపు పగలగొట్టాకే తెలిసింది.

కొత్త తలుపుకు గడియ వద్దనుకున్నాను. కానీ పెట్టించాను. "రోజూ పొద్దున వచ్చి తలుపు కొడతాను, పలకాలి" అన్నాను కోటమ్మతో.

"నేనేమన్నా పారిపోతానా ఏంది?" అని కసిరింది. నీ సంగతి నేను ఆమెకు చెప్పలేదు.

ఆమె గడియ వేసుకుంది. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను. యార్డులో పనిచేసేవాళ్ళను దగ్గు వదలదు కదా. కాసేపటికి లోపల ఆమె దగ్గింది.

అప్పుడు చెప్పులు వేసుకున్నాను.